ల్యాబ్ బీడ్స్‌తో వడకట్టిన నీళ్లు తాగొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. ల్యాబ్‌లో యాంటీబాడీలను వేరుచేసే ప్రొటీన్-ఎ బీడ్స్‌తో (ప్రొటీన్ అతికించిన సన్నని పూసలు) పనిచేస్తాను. మిగిలిన బీడ్స్‌ను గొట్టంలో నింపి, నెల రోజులుగా తాగే నీళ్లు వడకడుతున్నాను. వాటిని ఎన్నాళ్లకు మార్చాలి? 12 రోజులుగా నీళ్ల విరేచనాలు కూడా ఉన్నాయి. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మూడు రోజులు వాడి ఆపేశాను.

జవాబు: మార్చడం కాదు, ఈరోజే తీసేయండి. నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన విరేచనాలు.

మామూలు విరేచనాలు చాలావరకు వారంలోపే తగ్గుతాయి. 12 రోజులైనా తగ్గలేదంటే జియార్డియా లాంటి పరాన్నజీవినీ అనుమానించాలి. బ్యాక్టీరియాకు వాడే మందుల్లో చాలావరకు దానిమీద పనిచేయవు. ఒక్కోసారి యాంటీబయాటిక్ వల్లే విరేచనాలు ఎక్కువవుతాయి. పైగా మాత్రలు మింగి వస్తే కల్చర్‌లో, అంటే మలంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరక్కపోవచ్చు. మా ఓపీలోనూ ఇదే తంతు. ఏం మాత్ర వాడారని అడిగితే, ‘పసుపు రంగుదండీ’ అంటారు. మీరైనా ఆ స్ట్రిప్ పారేయకుండా తీసుకెళ్లి ఫిజీషియన్‌కు చూపించండి. మల పరీక్ష అవసరం కావచ్చు. ఈలోగా ఓఆర్‌ఎస్ తాగుతుండండి. విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. మలంలో రక్తం, జ్వరం, మూత్రం తగ్గడం, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక బీడ్స్. ప్రొటీన్-ఎ పట్టుకునేది ప్రధానంగా ఐజీజీ అనే రకం యాంటీబాడీల తోకను. నీళ్లలోని క్రిములను పట్టడం దాని పని కాదు. ప్లాస్మాలోంచి (రక్తంలోని ద్రవభాగం) యాంటీబాడీలు తీయడానికి ఆసుపత్రుల్లోనూ ఇలాంటి బీడ్స్ నింపిన గొట్టాలు (కాలమ్స్) వాడతారు, కానీ అవి క్రిములు లేకుండా, స్టెరైల్‌గా తయారైనవి. మీ గొట్టంలో రోజంతా తడిగా ఉండే ప్రొటీన్ క్రిములకు మేతవుతుంది, అవి జిగురు పొరలా పేరుకుంటాయి. మరిగించి శుభ్రం చేసినా అవి నీళ్ల ఫిల్టర్‌గా పనికిరావు. అంతకంటే భయం, బీడ్స్‌ను నిల్వ ఉంచిన ద్రవం. కొన్నిటిని 20 శాతం ఇథనాల్‌లో ఉంచుతారు, కొన్నిటిలో క్రిములు పెరగకుండా సోడియం అజైడ్ అనే రసాయనం కలుపుతారు. అజైడ్ విషం. బీడ్స్‌ను ఎంత కడిగారో మీరు రాయలేదు. తలనొప్పి, గుండె దడ, బీపీ పడిపోవడం ఉంటే ఆలస్యం చేయొద్దు.

మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి చెప్పడం సరికాదు. ప్రస్తుతానికి నీళ్లు మరిగించి చల్లార్చి తాగండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బీడ్స్ సీసా లేబుల్ ఫొటో కూడా తీసుకెళ్లండి.