కాక్‌పిట్‌లో ఒక్కరే ఉంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కొన్నేళ్లుగా సింగిల్ ఇంజిన్ టర్బోప్రాప్ నడుపుతున్నాను. ఇప్పుడు ఒక చిన్న జెట్ మీద మనసు పడింది. విమానం సంగతి ఎలాగోలా నేర్చుకుంటాను గానీ, నా పనులన్నీ రద్దీ ఎయిర్‌పోర్టులున్న చోటే. కో-పైలట్ లేకుండా వెళ్తే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు విసుక్కుంటారని ఒకరు, ఆటోపైలట్ ఉండగా భయమెందుకని ఇంకొకరు అంటున్నారు. ఒక్కడినే వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. సైటేషన్ ముస్టాంగ్, సీజే వరుస, ఫీనమ్ 100, ఫీనమ్ 300, హోండాజెట్, సిరస్ విజన్ జెట్, ఇవన్నీ ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫికెట్ ఉన్నవే. అమెరికాలో అయితే జెట్ ఏదైనా సరే దానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానానికి ప్రత్యేక అర్హత) ఉండాలి, ఒంటరిగా నడపాలంటే ఆ పరీక్ష ఒంటరిగానే పాసవ్వాలి, ఆపైన ఏటా మళ్లీ పరీక్ష. బీమా వాళ్లు ఇంకా గట్టివాళ్లు, కొత్తలో కొన్ని గంటలపాటు అనుభవమున్న పైలట్‌ని పక్కన కూర్చోబెట్టుకోమని తరచూ షరతు పెడతారు. దాన్ని ఖర్చు అనుకోకండి, మీరు కొనే జెట్‌లో అన్నిటికంటే చవకైన భాగం అదే.

ఇక కంట్రోలర్ల విసుగు సంగతి. మీ కాక్‌పిట్‌లో ఎంతమంది ఉన్నారో కంట్రోలర్‌కి తెలియదు, అక్కర్లేదు కూడా. చెప్పిన ఎత్తు, చెప్పిన వేగం, ఒక్క పిలుపుకే బదులు, ఆయనకు కావలసింది ఇంతే. చిక్కల్లా ఈ మూడూ ఒకేసారి అడుగుతారు, మీకేమో చేతులు రెండే.

ఒక్క ఉదాహరణ చూడండి. న్యూయార్క్ పక్కనే టెటర్‌బరో ఉంది, బిజినెస్ జెట్లకు పెట్టింది పేరు. అక్కడ రన్‌వే 24 నుంచి ఎగిరేవాళ్లకు రూడీ అనే డిపార్చర్ (ఎగిరాక పట్టాల్సిన నిర్ణీత దారి) ఇస్తారు. వెంట్జ్ అనే పాయింట్ దాటేదాకా 1500 అడుగులు, ఆ తర్వాత 2000, అంతకుమించి వెళ్లకూడదు, ఎందుకంటే పక్కనున్న నెవార్క్ ఎయిర్‌పోర్టుకి దిగే పెద్ద విమానాలు సరిగ్గా నెత్తిమీద పోతుంటాయి. నిమిషానికి 3000 అడుగులు ఎక్కే జెట్‌కి 1500 అడుగులంటే అర నిమిషం. ఆ అర నిమిషంలోనే గేర్ (చక్రాలు) ఎత్తాలి, ఫ్లాప్స్ (రెక్కల వెనకంచు పలకలు) మూయాలి, పవర్ గుంజాలి, మలుపు తిరగాలి, ఈలోగా టవర్ వాళ్లు డిపార్చర్ కంట్రోలర్‌తో మాట్లాడమంటారు. ఇద్దరు పైలట్లున్న విమానాలే ఇక్కడ ఎత్తు దాటిపోయిన సందర్భాలున్నాయి.

కాబట్టి ఆ అర నిమిషంలో ఆలోచించాల్సిన పని ఏదీ మిగలకూడదు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆల్టిట్యూడ్ సెలెక్టర్‌లో (ఎక్కాల్సిన ఎత్తు పెట్టే మీటలో) 1500 పెట్టేయండి, తర్వాతి ఫ్రీక్వెన్సీ స్టాండ్‌బైలో ఉంచండి, ఏ పాయింట్ దగ్గర ఏం చేయాలో బయటికి వినపడేలా చెప్పుకోండి (పక్కన ఎవరూ లేకపోతే సిగ్గుపడటానికి ఇంకెవరున్నారు!). మీరు టాక్సీ చేస్తుండగా (నేల మీద నడుపుతుండగా) కంట్రోలర్ రూట్ మార్చారా, చెయ్యి కదపకండి. ఆగడానికి అనుమతి అడిగి, పార్కింగ్ బ్రేక్ వేసి, అప్పుడు టైప్ చేయండి. దిగేటప్పుడూ ఇంతే. పదిహేను మైళ్ల దూరంలో రన్‌వే మార్చేశామంటే కొత్త అప్రోచ్ (దిగే దారి) లోడ్ చేయాలి, మినిమమ్స్ (రన్‌వే కనపడకపోతే ఇక దిగకూడని ఎత్తు) చూడాలి, గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) దారి చదవాలి. అప్పుడు ‘కాస్త తిప్పండి, టైమ్ కావాలి’ అని అడిగితే ఇస్తారు. ఇవ్వలేకపోతే ‘అనేబుల్’ (నావల్ల కాదు) అనేయండి. మొహమాటానికి పోయి ‘సరే’ అని, తర్వాత తల వంచి స్క్రీన్ మీద వెతుక్కునేవాళ్లతోనే కంట్రోలర్లకు నిజమైన తలనొప్పి.

ఆటోపైలట్ ఉండగా భయమెందుకన్న పెద్దమనిషికి ఇది చెప్పండి. 2016 డిసెంబర్ 29 రాత్రి క్లీవ్‌లాండ్‌లోని బర్క్ లేక్‌ఫ్రంట్ నుంచి ఒక సీజే4 ఒక్క పైలట్‌తో ఎగిరి, కాసేపటికే ఈరీ సరస్సులో కూలింది. లోపలున్న ఆరుగురూ పోయారు. ఆయన అంతకుముందు నడిపింది ముస్టాంగ్, రెండిట్లో ప్యానెల్ అమరిక వేరు. ఆటోపైలట్ ఆన్ అయిందని ఆయన అనుకున్నారు, అది కాలేదు, చీకట్లో విమానం ఏ వాలులో ఉందో తెలియలేదు. అలసట కూడా తోడైందని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. పక్కన ఇంకొకరుంటే ‘ఆటోపైలట్ ఎంగేజ్ కాలేదు’ అని ఒక్క మాట అనేవారేమో. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట మీరే అనాలి. బటన్ నొక్కడంతో సరిపెట్టుకోకుండా స్క్రీన్ మీద ఏ అక్షరాలు వెలిగాయో చూసి పైకి చదవండి, ప్రతిసారీ. పాత విమానం అలవాటు చేతుల్లోంచి పోయేదాకా రాత్రి, మబ్బు, రద్దీ, ఈ మూడూ కలిసే ప్రయాణం పెట్టుకోకండి.

ప్రశ్న: దిగేటప్పుడు 160 నాట్ల వేగం పట్టుకుని, రన్‌వేకి నాలుగు మైళ్లు మిగిలేదాకా రమ్మంటారు. నా జెట్ దిగేది వంద నాట్లకు అటూఇటూ. ఎలా తగ్గించాలి? పైగా ముందు పెద్ద విమానం ఉంటే టెన్షన్.

జవాబు: 160 నాట్లంటే నాలుగు మైళ్లు ఒకటిన్నర నిమిషం. అంతలో అరవై నాట్లు వదిలించుకుని, 500 అడుగులకల్లా విమానం కుదురుగా ఉండాలి. గేర్ ముందే దించేయండి, మొదటి ఫ్లాప్ ముందే వేయండి, మిగతా ఫ్లాప్ ఏ వేగం దగ్గర వేయొచ్చో నోటికి రావాలి. కుదరదనిపిస్తే మొదటి పిలుపులోనే ‘ఆరు మైళ్లు మిగిలేదాకా అయితే పట్టుకోగలను’ అనండి, ఆఖర్లో చెప్పకుండా వేగం తగ్గిస్తే వెనక వస్తున్నవాడికి గో-అరౌండే. మీకూ కుదరకపోతే గో-అరౌండే, అదేం పరువు తక్కువ కాదు.

ముందున్న పెద్ద విమానం రెక్కల వెనక సుడిగాలి నిజమైన ప్రమాదమే. 7 టన్నుల లోపు విమానం ‘లైట్’ కింద లెక్క. రాడార్ మీద దింపేటప్పుడు, అంతర్జాతీయ విమానయాన సంస్థ ఐకావో మామూలు లెక్క ప్రకారం లైట్ విమానానికి ‘హెవీ’ (బరువైన పెద్ద విమానం) వెనక 6 మైళ్లు, ఏ380 వెనక 8 మైళ్లు వదలాలి. అయితే ‘ముందున్న విమానం కనిపిస్తోందా, దాన్ని అనుసరించండి’ అన్నప్పుడు సరేనంటే ఆ దూరం చూసుకునే పూచీ మీ మీద పడుతుంది. కనపడుతున్నా ఒప్పుకోవాలని లేదు. ఒప్పుకుంటే దాని దారికి కాస్త పైన ఉంటూ, అది నేల తాకిన చోటు దాటాక తాకండి.

ప్రశ్న: మా వారు విజన్ జెట్ నడుపుతారు. పక్క సీట్లో నేను కూర్చుంటాను. నాకు ఫ్లయింగ్ రాదు. నేనేమైనా సాయం చేయగలనా?

జవాబు: 10,000 అడుగుల కింద మాట్లాడకుండా ఉండటమే పెద్ద సాయం, పిల్లల్ని కూడా ఆపండి. పక్కన విమానం కనపడితే మాత్రం చెప్పండి. ఆయనకు ఒంట్లో బాగోలేకపోతే ఏంచేయాలో నేర్చుకోండి. 2020 నుంచి ఆ జెట్‌లో సేఫ్ రిటర్న్ వస్తోంది, బటన్ నొక్కితే అదే ఎయిర్‌పోర్టు ఎంచుకుని, కంట్రోలర్లకు చెప్పి, దిగి, ఆగుతుంది. విమానం మొత్తాన్ని దించే పారాచూట్ కూడా ఉంది. మీ విమానంలో సేఫ్ రిటర్న్ ఉందో లేదో, ఉంటే ఆ బటన్, పారాచూట్ హ్యాండిల్ ఎక్కడున్నాయో, దేన్ని ఎప్పుడు వాడాలో నేల మీద ఉండగానే మీ వారినడిగి చూపించుకోండి.