31 అంగుళాల టైరు అంటే ఎన్ని అంగుళాలు?

"ఆఫ్‌రోడ్ రేసుల్లో ఏ బండి ఏ క్లాసులోకి వస్తుందన్న దాని మీద ప్రతిసారీ గొడవ ఎందుకు అవుతుంది? నిర్వాహకులు పెద్ద టీములకు కొమ్ము కాస్తారా?" అని అడిగారు. రెండో దానికి ముందు చెప్పేస్తాను. కాస్తారు, అప్పుడప్పుడు. కానీ నేను చూసిన గొడవల్లో పదింట తొమ్మిదింటికి కారణం రూలు రాసినవాడి బద్ధకం. ఆ తొమ్మిది అన్న లెక్క నాదే, ఎవరూ రాసి పెట్టలేదు. అయినా తప్పని ఎవరూ నిరూపించలేరు.

నేను నాలుగేళ్లు నావిగేటర్ సీట్లో కూర్చున్నాను. నడుము పోయాక పదకొండేళ్లు చిన్న స్థాయి క్రాస్ కంట్రీ రేసుల్లో స్క్రూటినీ చేశాను. అంటే రేసుకి ముందురోజు బండి కింద దూరి, టార్చి వేసుకుని, "ఇదేంటి, ఇదెందుకు ఇలా ఉంది" అని అడిగే మనిషిని. ఈ పనిలో స్నేహితులు తగ్గుతారు.

ఒక రేసులో స్టాక్ క్లాసుకి, అంటే పెద్దగా మార్చని బండ్ల క్లాసుకి, టైర్ల రూలు ఇలా ఉండేది: "టైరు గరిష్ఠంగా 31 అంగుళాలు." అంతే. ఆ వాక్యం రాసింది నేనే. ముందు ఏడాది రూల్ బుక్కులోంచి దించుకున్నాను, అందులోకి ఎవరు ఎక్కడినుంచి దించారో దేవుడికే తెలియాలి.

ఆ క్లాసులో మొదట వచ్చింది ఒక కుర్రాడు. రెండో స్థానం మేమందరం బాబాయ్ అని పిలిచే పెద్దాయనది, ఆయన బండికి నా వయసులో సగం ఉంటుంది. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. తేడా నలభై సెకన్లు. ఫలితాలు బోర్డుకి అంటించాక అరగంట లోపు ప్రొటెస్ట్ వేయాలి, డిపాజిట్ కట్టాలి. ఇరవై ఎనిమిదో నిమిషంలో బాబాయ్ కాగితం, డబ్బు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"వాడి టైర్లు 31 కాదురా. నేను పక్కన నిలబడి చూశాను. నా బండికన్నా నడుము పైకి ఉంది."

"బాబాయ్, సైడ్‌వాల్ మీద, టైరు పక్క గోడ మీద, 31 అనే ఉంది. నిన్న నేనే చూశాను."

"చూశావు సరే. కొలిచావా?"

కొలవలేదు. ఎవరం కొలుస్తాం? టైరు మీద అచ్చేసిన అంకె చూసి టిక్కు పెట్టడమే. కానీ ప్రొటెస్ట్ వచ్చాక తప్పదు. కుర్రాడి బండిని జాకీ మీద లేపి, చక్రం ఊడదీసి, దర్జీ టేపు లాంటి మెత్తటి టేపుని టైరు చుట్టూ తిప్పాను. తొంభై ఎనిమిదిన్నర అంగుళాలు. దాన్ని 3.14తో భాగిస్తే 31.4. బాబాయ్ ముఖం వెలిగిపోయింది.

అప్పుడు కుర్రాడు చాలా మర్యాదగా అన్నాడు, "సార్, వాళ్లది కూడా కొలవండి."

కొలిచాను. తొంభై అయిదున్నర. అంటే 30.4. ఆ టైరు మీద కూడా 31 అనే ఉంది. ఒకే అంకె అచ్చేసిన రెండు టైర్ల మధ్య అంగుళం తేడా. అంగుళం వ్యాసం అంటే ఇరుసు కింద అర అంగుళం ఎత్తు, పైగా గేరింగ్‌లో 3 శాతం తేడా. రాళ్లలో అర అంగుళం అంటే ఇరుసు మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ డబ్బా గీసుకుపోవడానికి, గీసుకోకుండా దాటడానికి ఉన్న తేడా. నలభై సెకన్లు అక్కడే ఎక్కడో ఉన్నాయి, నాకు అనుమానం లేదు.

"వాళ్ల టైర్లు అరిగిపోయాయి సార్. నావి కొత్తవి. నావీ ఒక సీజన్ అరిగితే అంతే అవుతాయి," అన్నాడు కుర్రాడు. అది కొంత నిజమే. మట్టి టైర్ల లగ్గులు, అంటే నేలని పట్టే రబ్బరు దిమ్మలు, పన్నెండు, పదమూడు మిల్లీమీటర్ల లోతు ఉంటాయి. సగం అరిగితే రెండు వైపులా కలిపి అర అంగుళం పోతుంది. మిగతా అర అంగుళం? ఒక్కో కంపెనీ 31 ఒక్కోలా ఉంటుంది. ఎంత గాలితో, ఎంత వెడల్పు రిమ్ మీద కొలిచావన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

రాత్రి పదకొండున్నరకి నా ముందు రెండు దారులు. సైడ్‌వాల్ అంకె నమ్మితే కుర్రాడు గెలిచినట్టు. టేపు నమ్మితే ఓడినట్టు. రూలు ఈ రెండింటిలో దేన్నీ చెప్పడం లేదు. రాసింది నేను కాబట్టి "అసలు ఉద్దేశం ఏమిటి" అని అందరూ నన్నే అడుగుతున్నారు. నిజానికి నాకు ఏ ఉద్దేశమూ లేదు. దించుకున్నాను, అంతే.

సైడ్‌వాల్ అంకెకే కట్టుబడ్డాను. బాబాయ్ ప్రొటెస్ట్ కొట్టేశాం, డిపాజిట్ పోయింది. ఆయన నాతో ఏడు నెలలు మాట్లాడలేదు.

ఇదంతా చిన్న రేసుల తంతు, పెద్ద చోట ఇలా ఉండదు అనుకుంటున్నారేమో. ఎడారుల్లో రోజుల తరబడి సాగే పెద్ద ర్యాలీ డకార్ చూడండి. చాలా ఏళ్లు అక్కడ టీ1 అనే కార్ల పై క్లాసులో రెండు రకాల బండ్లు పోటీపడేవి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చిన్న టైర్లు, తక్కువ సస్పెన్షన్ ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందకీ కదలగల దూరం. రెండు చక్రాలకే పవర్ ఇచ్చే బగ్గీకి పెద్ద 37 అంగుళాల టైర్లు, తక్కువ బరువు, ఎక్కువ ట్రావెల్, పైగా సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించుకునే, పెంచుకునే ఏర్పాటు. రెండింటినీ సమానం చేశామని కాగితం మీద అనేవాళ్లు. 2016లో పెటర్‌హాన్సెల్ ప్యూజో బగ్గీతో గెలిచాడు. మరుసటి ఏడాదికి దాని ఇంజిన్ గాలి పీల్చే రెస్ట్రిక్టర్‌ని 39 మిల్లీమీటర్ల నుంచి 38కి కుదించారు. ఫలితం? 2017లో మొదటి మూడు స్థానాలూ ప్యూజోవే. ఒక్క మిల్లీమీటరుతో సమానత్వం రాలేదు. 2018లో సైన్జ్ మళ్లీ అదే టీముతో గెలిచాడు.

ఇటు అప్పట్లో టయోటా హైలక్స్ నడిపే అల్-అట్టియా చిన్న టైర్లతో రాళ్ల మీద పంక్చర్లు పడీ పడీ విసిగిపోయి, 2021లో ఆ మాట బాహాటంగానే అన్నాడు. చివరికి 2022 నుంచి టీ1 ప్లస్ అని కొత్త క్లాసు పెట్టి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకీ 37 అంగుళాల టైర్లు, 350 మిల్లీమీటర్ల ట్రావెల్, 2.3 మీటర్ల వెడల్పు ఇచ్చారు. ఆ ఏడాది అల్-అట్టియా గెలిచాడు. అంటే ఏళ్ల తరబడి సాగిన గొడవ తీరింది టేపుతో కొలవగల మూడు అంకెలు మారినప్పుడు. అదీ నా వాదనకి సాక్ష్యం. ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం చేస్తున్నావని మా తమ్ముడు అంటాడు, వాడు అనుకోనీ.

తీరిందని అన్నానా? మరుసటి ఏడాదే ఇంకోటి. 2023 డకార్‌లో ఆడి కార్లు చక్రాలని కరెంటు మోటార్లతో తిప్పేవి, పెట్రోల్ ఇంజిన్ పని ఆ కరెంటు పుట్టించడం. దాన్ని మామూలు ఇంజిన్ బండితో ఎలా పోలుస్తారు? రేసు నడుస్తుండగానే లెక్కలు చూసి ఆడికి 8 కిలోవాట్లు అదనంగా ఇచ్చారు. ఆట మధ్యలో గోల్‌పోస్టు జరిపారని టయోటా వైపు వాళ్లకి కోపం. పవర్ లెక్క ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, టేపుకి అందదు. అందుకే ఎంత సరైన నిర్ణయమైనా అనుమానం పోదు. చివరికి అల్-అట్టియానే గెలిచాడు కాబట్టి గొడవ చల్లారింది. ఓడి ఉంటే ఈరోజుకీ మాట్లాడుకునేవాళ్లం.

గాలి నింపే ఏర్పాటు అంటే గుర్తొచ్చింది. 2012 డకార్‌లో రాబీ గోర్డన్ నడిపిన హమ్మర్ బండిని ఆ ఏర్పాటు వల్లే తప్పుబట్టారు. టైర్ల కోసమని పెట్టింది ఇంజిన్‌కి కూడా గాలి విషయంలో లాభం చేస్తోందని అధికారుల వాదన. ఆయన అప్పీలు వేసి రేసులో కొనసాగాడు, నోరు కూడా ఆపుకోలేదు. ఆ హమ్మర్ కింద పడుకుని పైపులు వెతికిన అధికారి మీద నాకు భలే జాలి.

ఇక "స్టాక్" అన్న మాట. దాన్ని రూల్ బుక్కుల్లోంచి నిషేధించాలి. స్టాక్ అంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉండాలి అంటారు. అయితే బండి పల్టీ కొడితే మనిషిని కాపాడే ఇనుప పంజరం, రోల్ కేజ్, ఉండకూడదా? లేకపోతే మనిషి చచ్చిపోతాడు, కాబట్టి అది పెట్టాలి. కేజ్ బరువుకి స్ప్రింగులు కుంగుతాయి, కాబట్టి గట్టివి వేసుకోవచ్చు. గట్టి స్ప్రింగులకి పాత షాక్ అబ్జార్బర్లు నిలవవు, కాబట్టి అవీ మార్చుకోవచ్చు. ఇలా ఒక్కో "కాబట్టి"తో బండి మొత్తం మారిపోతుంది, పేరు మాత్రం స్టాకే. డకార్ వాళ్లు ఇలాంటి బండ్ల క్లాసుకున్న టీ2 అన్న పాత పేరుని 2024లో స్టాక్ అని మార్చారు. నాకైతే నచ్చలేదు. టీ2 అన్నప్పుడు కనీసం ఎవరికీ ఏ భ్రమా ఉండేది కాదు.

మెక్సికో ఎడారిలో జరిగే బాహా రేసుల వాళ్లు ఇందులో కొంచెం తెలివైనవాళ్లు. అక్కడ క్లాస్ 11 అని పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లకి వేరే క్లాసుంది. 1600 సీసీ ఇంజిన్, బీటిల్ ఆకారం, ఆ కాలపు సస్పెన్షన్ రకం. చివరికి ఆ బీటిల్ లోపల ఎంత గట్టిపరిచి ఉంటారో నాకు తెలుసు, అయినా 1600 అన్న అంకె అంకెగానే ఉంటుంది. సిలిండర్ కొలిస్తే తేలిపోతుంది. ఇంకో చివర ట్రోఫీ ట్రక్ అనే క్లాసు. దాదాపు ఏదైనా చేసుకో అన్నట్టు వదిలేశారు. రెండూ ఒప్పుకుంటాను. మధ్యలో ఉన్నవే తలనొప్పి. "సహేతుకమైన మార్పులు అనుమతిస్తాం" అని రాసే క్లాసు ఉందే, దానికి స్క్రూటినీ చేయమంటే నేను ఆ వారం జ్వరం తెచ్చుకుంటాను.

అందరినీ ఒకే క్లాసులో పరిగెత్తించండి, గొడవే ఉండదు అని కూడా కొందరు సలహా ఇస్తారు. వీళ్లు ఎప్పుడూ రేసుకి డబ్బు కట్టినవాళ్లు కారు. ఎనిమిది వందల హార్స్‌పవర్ ట్రక్కు వెనక దుమ్ము తింటూ రోజంతా నడిపి, నలభై మూడో స్థానం తెచ్చుకోవడానికి ఎవరు వస్తారు? క్లాసులు ఉన్నది గెలిచేవాళ్ల సంఖ్య పెంచడానికి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రూల్ బుక్కు రేసుకి ముందురోజు రాత్రి మాత్రమే తెరిచి, పొద్దున్నే నా దగ్గరికి వచ్చి "ఇది ఎప్పుడు పెట్టారు సార్" అని టెన్షన్ పడేవాళ్ల గురించి కూడా చెప్పాలని ఉంది, కానీ అది మొదలుపెడితే తెల్లారిపోతుంది.

మళ్లీ టైరు దగ్గరికి వస్తాను. ఆ గొడవ తర్వాత నేను సిగ్గుపడి రూలు తిరగరాశాను. చక్రం ఊడదీసి, టైరు చల్లగా ఉన్నప్పుడు, 30 పీఎస్ఐ గాలితో, 31 అంగుళాల ఎత్తు ఉన్న ఇనుప చట్రంలోంచి దొర్లించాలి. దూరితే పాస్, ఇరుక్కుంటే ఫెయిల్. కొత్తదా, అరిగినదా అన్నది సంబంధం లేదు. చట్రం యాంగిల్ ఇనుముతో వెల్డింగ్ చేయించాను. అందులో వాదించడానికి ఏముంది? దూరిందా లేదా, అంతేగా.

మరుసటి ఏడాది అదే రేసు. కుర్రాడు బుద్ధిగా కొంచెం చిన్న సైజు టైర్లు వేసుకొచ్చాడు, చట్రంలోంచి సులువుగా దొర్లిపోయాయి. తర్వాత బాబాయ్ వచ్చాడు. ముభావంగా ఉన్నా మాట్లాడాడు. ఈసారి గెలవాలని కొత్త టైర్లు కొన్నాడు, పైన 31 అని మెరుస్తోంది. మొదటి చక్రం దొర్లించాను. చట్రం మధ్యలో ఆగిపోయింది. గాలి చూశాను, సరిగ్గా 30. మళ్లీ తోశాను. కదల్లేదు.

బాబాయ్ కాసేపు ఆ చట్రాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"కొత్త టైర్లు కదరా," అన్నాడు. "కాస్త అరిగితే సరిపోతుంది."

ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. నవ్వలేదు, పాపం, అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ రాత్రి బాబాయ్ ఎక్కడినుంచో గ్రైండర్ తెచ్చి, నాలుగు టైర్ల లగ్గుల అంచుల్నీ కొద్దికొద్దిగా అరగదీస్తూ రెండింటి దాకా కూర్చున్నాడు. రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. స్క్రూటినీ చేసేవాడిగా నేను చేయకూడని పనే, అయినా టార్చి నేనే పట్టుకున్నాను. టైరు అరగదీయకూడదని రూల్ బుక్కులో ఎక్కడా లేదు. రెండుసార్లు చూశాను.