మూడు తాళాల పెట్టె

ప్రశ్న: బ్యాంకులు లేని ఆఫ్రికా పల్లెల్లో పొదుపు సంఘాలు ఎలా నడుస్తాయి?

1991లో నైజర్‌లోని మరాడి ప్రాంతంలో, కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ చేయూతతో ఆడవాళ్ల గ్రూపులుగా మొదలైన పద్ధతి ఇది. తర్వాత టాంజానియా, ఉగాండా లాంటి చాలా దేశాలకు పాకింది.

సాధారణంగా 15 నుంచి 25 మంది ఒక సంఘం. డబ్బు దాచేది ఇనప పెట్టెలో. దానికి మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంటాయి, పెట్టె మాత్రం వేరొకరి ఇంట్లో. అందరి ముందే తెరిచి, అందరికీ వినబడేలా డబ్బు లెక్కపెడతారు. పొదుపు చేయడమంటే వాటాలు కొనడమే; ఎవరు ఎన్ని వాటాలు కొంటే వాళ్ల పాసుబుక్కులో అన్ని ముద్రలు పడతాయి. అక్షరం రాని అమ్మ కూడా ముద్రలు లెక్కపెట్టుకుని తన పొదుపెంతో తానే చెప్పగలదు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

మన డ్వాక్రా గ్రూపులకు బ్యాంకు లింకేజీ, అంటే బ్యాంకు అప్పు, ఉంటుంది. ఈ ఆఫ్రికా సంఘాల అసలు పద్ధతిలో బయటి అప్పు ఉండదు, సభ్యుల పొదుపులోంచే సభ్యులకు అప్పిస్తారు. ఏడాది తిరిగేసరికి పొదుపు, వడ్డీ కలిపి వాటాల ప్రకారం పంచుకుని మళ్లీ మొదలుపెడతారు. విత్తనాల వేళకో, బడి ఫీజుల వేళకో ఆ డబ్బు చేతికందేలా పంపకం తేదీ వాళ్లే పెట్టుకుంటారు. జబ్బో, చావో వస్తే ఆదుకోవడానికి చిన్న నిధి విడిగా ఉంటుంది.