రాజమండ్రిలోనే ఉండి సెలవులు గడపడం గురించి, మా ఇంటి అనుభవం

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో ఉంటాం, ఇద్దరు పిల్లలు, వాళ్ల క్లాసులో పిల్లలు మనాలి, దుబాయ్ అని ఫొటోలు చూపిస్తుంటే మావాళ్లు చిన్నబుచ్చుకుంటున్నారు, అప్పు చేసి టూరుకి వెళ్లడం మాకు ఇష్టం లేదు, ఇక్కడే ఉండి సెలవులు బాగా గడిపే దారి ఉందా అని. ఉందండి. మాదీ ఇదే ఊరు, కొన్నేళ్లుగా దూరప్రయాణాలు మానేసి చుట్టుపక్కలే తిరుగుతున్నాం. బస్సులో వెళ్లి ఇంటి పులిహోర పట్టుకెళ్తే నలుగురికీ కలిపి ఒక సినిమా ఖర్చు కూడా అవదు.

అయితే ఒక విషయం. దగ్గర్లో చూడాల్సిన ప్రదేశాలు అని జాబితా రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే రెండు నెలలకే విసుగొచ్చేస్తుంది. కాలాన్ని బట్టి వెళ్లండి. బయట్నుంచి వచ్చేవాళ్లు వాళ్లకి సెలవు దొరికినప్పుడే రాగలరు, తేగలు ఎప్పుడొస్తాయో, గోదారికి ఎర్రనీళ్లు ఎప్పుడు తగులుతాయో, నర్సరీల్లో చామంతులు ఎప్పుడు విచ్చుకుంటాయో కనిపెట్టుకుని ఆ రోజే వెళ్లే వీలు మనకి మాత్రమే ఉంది. డబ్బున్నవాళ్లకి కూడా ఇది కొంటే దొరికేది కాదు.

నేనైతే ఆత్రేయపురంతో మొదలుపెట్టమంటాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కాలవగట్టున వెళ్లే ఆ రోడ్డు కోసమే వెళ్లొచ్చు అసలు. దారిలోనే ధవళేశ్వరంలో, గోదారికి ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పేరిట కాటన్ మ్యూజియం ఉంది, 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట ఎలా పూర్తిచేశారో నమూనాలు పెట్టారు, పిల్లలకి అక్కడ చూపించి ఆ వెంటనే బ్యారేజీ మీదకి తీసుకెళ్తే మన ఇంట్లో అన్నం ఎక్కడినుంచి వస్తోందో వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఇక పూతరేకులు. బాక్సు కొనుక్కుని వచ్చేయకండి, రేకు తీసే ఇంటికి వెళ్లి, ఒకసారి చూస్తామండీ అని అడగండి, చాలామంది కాదనరు. కుండ బోర్లించి ఉంటుంది, కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని నీళ్లలా పల్చగా కలుపుకుని, అందులో గుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతారు. చిటికెలో ఆరిపోయి పొర పైకి లేస్తుంది, దాన్ని చిరక్కుండా చేత్తో తీయడం చూడాలి, మా పాప అయితే ఊపిరి బిగబట్టి చూసింది. మంట కాస్త ఎక్కువైనా తక్కువైనా రేకు సరిగ్గా రాదట. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి ప్రత్యేకత అని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే, కానీ రోజంతా ఆ పొగలో, ఆ సెగలో కూర్చునేది రేకులు తీసే ఆడవాళ్లే. అందుకే నేను హైవే మీద షాపులో కాకుండా చేసినవాళ్ల దగ్గరే కొంటాను, మిమ్మల్నీ అలాగే కొనమంటాను.

బోటు షికారు కావాలని పిల్లలు గొడవ చేస్తే కోటిపల్లి పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ ఎక్కించండి. పొద్దున్నే ద్రాక్షారామం వెళ్లి భీమేశ్వరుణ్ణి చూసుకుని, కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదారి పాయ గౌతమి దాటి ముక్తేశ్వరంలో దింపుతుంది. టికెట్టు చాలా తక్కువ. మోటారు సైకిళ్లూ, కొబ్బరికాయల బస్తాలూ, కాలేజీ పిల్లలూ అందరూ మనతోపాటే, మధ్యకి వెళ్లేసరికి రెండు వైపులా నీళ్లే. అవతల దిగాక అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా మాత్రం రావద్దు. పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడిగా ఉన్నప్పుడు ఆకు విప్పితే వచ్చే ఆ వాసన ఇంట్లో చేసే ఇడ్లీకి రాదు. అయితే టిఫిన్ వేళకే అయిపోతాయి, కాబట్టి ద్రాక్షారామం తిరుగు ప్రయాణంలో పెట్టుకున్నా ఫర్వాలేదు.

బొమ్మల సంగతికి వస్తే, మన ఊళ్లోనే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఇక్కడే పుట్టి పెరిగిన చాలామంది లోపలికి అడుగు కూడా పెట్టలేదు, నాకు నిజంగా బాధగా ఉంటుంది. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగి రాజమండ్రి వచ్చి, పదిమందికి బొమ్మలు నేర్పడానికి పూనుకుని, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయారాయన. పుష్పాలంకరణ అనే బొమ్మ ముందు కాసేపు నిలబడండి, గీత ఎంత మెత్తగా నడుస్తుందో దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది. పిల్లల చేతికి ఒక పుస్తకం, పెన్సిలూ ఇచ్చి నచ్చినదాన్ని చూసి గీయమంటే గంటసేపు కదలరు. సెలవు రోజు ఏదో ముందే కనుక్కుని వెళ్లండి.

డిసెంబరు, జనవరిల్లో కడియపులంక నర్సరీలు. తిరగడానికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, బంతీ చామంతీ మళ్లు మళ్లుగా ఉంటాయి, ఎక్కడైనా అంటు కడుతుంటే ఆగి చూడండి, పిల్లల్ని ఒక మొక్క ఏరుకోమనండి. అదే చలికాలంలో కాకినాడ అవతల కోరింగ మడ అడవి కూడా. చెక్కవంతెన మీద నడుస్తూ కిందికి చూస్తే బురదలోంచి మడచెట్ల శ్వాసవేళ్లు మేకులు దిగ్గొట్టినట్టు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి మధ్య పీతలు, బురదలో గెంతే చేపలు. బావురుపిల్లులు కూడా ఉన్నాయి గానీ పగలు కనిపిస్తాయని పిల్లలకి ఆశ పెట్టకండి. దోమలుంటాయి, ఫుల్ చేతుల చొక్కాలు వేయండి.

ఎండాకాలం మాత్రం పగలు ఎక్కడికీ వద్దు. సాయంత్రం కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్, ఆపైన పుష్కర ఘాట్‌లో హారతి, ముంజలు ఇంటికి తెచ్చుకోవడం, అంతే చాలు. జూలై, ఆగస్టుల్లో వరద నీళ్లు గట్టు మీద నుంచే చూపించండి, మెట్లు దిగనివ్వకండి. పులస చేప గురించి అడుగుతారేమో, పుస్తెలమ్మైనా తినాలంటారు గానీ మన బడ్జెట్‌కి అది కాదండి, చింతకాయ వేసి చేసిన మామూలు చేపల పులుసు హాయిగా తినొచ్చు.

ఇక మీ పిల్లలు చిన్నబుచ్చుకోవడం. అది డబ్బు తక్కువై కాదు, తోటివాళ్ల దగ్గర చెప్పుకోవడానికి ఏమీ లేక అని నాకనిపిస్తుంది. మావాడిని కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లాం. ప్రభ అంటే వెదుళ్లతో ఎత్తుగా కట్టి, రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి నిలిపి ఊరేగించేది. పదకొండు ఊళ్ల రుద్రుల (శివుడి రూపాల) ప్రభలు అక్కడికి చేరతాయి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవలోకి దిగి, పీకల్లోతు నీళ్లలోంచి అవతలికి ఎక్కిస్తారు, పచ్చటి చేలలోంచి తెస్తారు, తొక్కుడు పడిందని ఏ రైతూ మాట అనడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఈ తీర్థమేనని చెప్పేసరికి వాడి క్లాసులో అందరూ ఫొటోలు చూపించమని వెంటపడ్డారు. వెదుళ్లు, రంగు గుడ్డలు పెట్టి చిన్న ప్రభ ఒకటి ఇంట్లో కట్టి స్కూలుకి కూడా పట్టుకెళ్లాడు.

ఈసారి సంక్రాంతికి ఊళ్లోనే ఉంటే మీరూ ఆ తీర్థానికి రండి. బండి అంబాజీపేటలోనే ఎక్కడైనా పెట్టి నడవడం మేలు, మధ్యాహ్నం దాటాక తోటలోకి అడుగు పెట్టడం కష్టం, చిన్నపిల్లలతో అయితే భోజనం వేళకి ముందే చేరుకుని కాలవగట్టు పైవైపు చోటు చూసుకోండి.