ప్రకటన నమ్మి మాత్రలు ఆపేశారు, కంపెనీపై కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి చాలాకాలంగా షుగర్ ఉంది. టీవీలో "మూడు నెలల్లో షుగర్ మాయం" అన్న ప్రకటన చూసి రూ.14 వేలు పెట్టి మందు తెప్పించుకున్నారు. కంపెనీ మనిషి ఫోనులో చెప్పాడని పాత మాత్రలు ఆపేశారు. షుగర్ 400 దాటి ఆసుపత్రిలో చేర్చాం. మందుల కంపెనీలన్నీ డబ్బు కోసం జనం ప్రాణాలతో ఆడుకుంటున్నాయి. కేసు వేయవచ్చా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వేయవచ్చు. మీ చివరి ఆరోపణ మాత్రం ఫిర్యాదులో రాయకండి. లాభాపేక్ష నేరం కాదు. కంపెనీలన్నిటినీ తిట్టిపోస్తే అవతలి న్యాయవాది పని తేలికవుతుంది. మీ బలమంతా "మూడు నెలల్లో షుగర్ మాయం" అన్న ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

అభ్యంతరకర ఔషధ ప్రకటనలపై 1954లో వచ్చిన చట్టం 54 జబ్బులను పేర్కొని, వాటిని నయం చేస్తామని ప్రచారం చేయడాన్నే నిషేధించింది. అందులో మధుమేహం ఉంది. కాబట్టి "ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు" అని తెర అడుగున చిన్న అక్షరాలు వేసినంత మాత్రాన తప్పించుకోలేరు. సీసా మీది లేబులు, నోటిమాట, చివరికి వెలుగుతోనో పొగతోనో చేసే ప్రచారం కూడా ఈ చట్టం దృష్టిలో ప్రకటనే. సెల్‌ఫోన్లు లేని రోజుల్లో రాసినవారి ముందుచూపుకు దండం పెట్టాలి! దీనిపై రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు ఇవ్వండి.

అయితే దానివల్ల మీ డబ్బు తిరిగి రాదు. పరిహారం కోసం మీ నాన్నగారి పేరున జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీ జిల్లాలోనే కేసు వేయవచ్చు. మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కనుక రుసుము లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

అసలు చిక్కు ఆపేసిన మాత్రల దగ్గర వస్తుంది. "మేము ఆపమనలేదు" అంటారు, ఖాయం. కాల్ రికార్డింగు ఉంటే మంచిదే. లేకుంటే డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. మాత్రలు ఎప్పుడు, ఎందుకు ఆపారో చేర్చుకునేటప్పుడు వైద్యులు అడిగి రాసుకుంటారు. కేసు ఆలోచనే లేనప్పుడు రాసిన ఆ వాక్యం తర్వాత ఇచ్చే అఫిడవిట్ కంటే బరువైనది. దానికి బిల్లు, కాల్ జాబితా, మందుకు ముందూ తర్వాతా చేయించిన రక్తపరీక్షలు జోడించండి. ప్రకటన వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం పెట్టండి. మిగిలిన మందు పారేయకండి.

ఆ ప్రకటనలో నటించినవారి సంగతి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చూస్తుంది. రూ.10 లక్షల వరకు జరిమానా, ఏడాది వరకు ప్రకటనల్లో కనిపించకుండా నిషేధం విధించవచ్చు. ముందుగా తగిన విచారణ చేసుకున్నామని రుజువు చేస్తే మాత్రం వదిలేస్తారు.

కంపెనీకి నోటీసు అందాక డబ్బు వాపసు ఇస్తామని ఫోను రావచ్చు. "పూర్తి పరిష్కారం" అని రాసిన కాగితంపై సంతకం పెట్టకండి.