టెక్ సందేహాలు: డంజన్‌లో తలుపు ఎటువైపు నుంచి మూసుకుంటుంది?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. గోడాట్‌లో (గేములు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఒక ఫాంటసీ గేమ్ చేస్తున్నా. నేలమాళిగల (డంజన్) లెవల్ కోసం గదుల్ని కోడ్‌తో ర్యాండమ్‌గా పేరుస్తున్నాను. ఆడిన ఫ్రెండ్స్ అందరూ బోర్ అంటున్నారు. నిజంగా ఉన్న భూగర్భ శిథిలాలను చూసి గీస్తే బాగుంటుందా?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బాగుంటుంది. మీ గదులకు పని లేదు, అందుకే బోర్. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎందుకు వెళ్లాలో మీ కోడ్‌కే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది?

తుర్కియేలోని డెరింకుయుతో మొదలుపెట్టండి. పేరుకు అర్థం 'లోతైన బావి'. కప్పడోకియా ప్రాంతంలో అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన మెత్తటి రాతిని తొలుచుకుంటూ దాదాపు 85 మీటర్ల లోతు దాకా దింపిన ఊరు అది. దాడులప్పుడు జనం అందులో తలదాచుకునేవారు. 20,000 మంది దాకా పట్టేవారని అంచనా. 1963లో ఒక ఇంటి మరమ్మతుల్లో గోడ పడగొడితే దారి బయటపడిందట. 1969 నుంచి సందర్శకుల్ని రానిస్తున్నారు. లోపల నడుస్తూ తీసిన వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు.

వాటిని చూసేటప్పుడు గదుల ఆకారం కాపీ కొట్టకండి. అది అక్కడే ఎందుకుందో రాసుకోండి. పశువుల కొట్టాలు పై అంతస్తుల్లో ఉంటాయి. మనిషే వంగి నడిచే దారుల్లో ఎద్దును కిందికి ఎవరు దించగలరు? 55 మీటర్ల గాలి గొట్టం ఒకటి నిలువునా దిగి బావిగానూ పనికొచ్చింది. అంటే గాలీ నీళ్లూ ఒకే చోట. మీ గేమ్‌లో ఆ గొట్టం మూసుకుపోతే కింద దివ్వెలు ఒక్కొక్కటీ ఆరిపోవాలి. అదొక్కటి చాలు ఒక లెవల్ నడపడానికి.

అన్నిటికన్నా నాకు నచ్చింది తలుపు. చూడ్డానికి పెద్ద తిరగలి రాయిలా ఉంటుంది. గోడలో తొలిచిన గాడిలో నిలబెట్టి ఉంచుతారు. శత్రువు వస్తే లోపలివాళ్లు దొర్లించి దారి మూసేస్తారు. బయటి నుంచి ఎంత తోసినా కదలదు. కొన్నింటికి మధ్యలో కన్నం కూడా ఉంటుంది, అందులోంచి చూడొచ్చు, బల్లెం పొడవొచ్చు. అంతస్తు అంతస్తునీ ఇలా విడివిడిగా మూసుకోవచ్చు. మన గేముల్లోనేమో హీరో తాళంచెవి వెతుక్కుంటాడు, తలుపు మర్యాదగా తెరుచుకుంటుంది. ఇక్కడ ఆ తలుపు పెట్టిందే మీ హీరోలాంటి వాడిని ఆపడానికి. దారి సన్నం, ఒకరి వెనక ఒకరే వెళ్లాలి, పొడుగు కత్తి తిప్పడానికి చోటుండదు. మీ హీరో ఆయుధాల్లో సగం అక్కడ దండగ. ఆ ఇబ్బందిని పెట్టి చూడండి, మీ ఫ్రెండ్స్ బోర్ అంటారేమో!

పని ఇలా మొదలుపెట్టండి. గళ్ల కాగితం మీద పైనుంచి చూసే ప్లాన్ కాకుండా, పనసపండును నిలువునా కోసినట్టు పక్కనుంచి కనిపించే బొమ్మ గీయండి. ముందు గాలి గొట్టం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే గదులు. దాన్ని గ్రిడ్‌మ్యాప్‌లో (గళ్లలో ముక్కలు పేర్చే గోడాట్ పనిముట్టు) బూడిదరంగు పెట్టెలతో కట్టి ఆడి చూడండి. టెక్స్చర్ల (పైన అతికించే రాయి, మట్టి బొమ్మలు) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. రాతి తలుపును మాత్రం ఫిజిక్స్‌కు వదిలేయకండి. నేనొకసారి రిజిడ్‌బాడీ (బరువు, తాకిడిని బట్టి దానంతటదే కదిలే వస్తువు) పెట్టి మురిసిపోయాను, అది గోడలోంచి దూరి కింది అంతస్తులో పడింది. యానిమేటబుల్‌బాడీ3డి (మనం కదిలిస్తేనే కదిలే వస్తువు) పెట్టి, కదలికను యానిమేషన్‌తో ఇవ్వండి.

ప్రశ్న: బెలూం గుహలను ఫోన్‌తో స్కాన్ చేసి నేరుగా గేమ్‌లో పెట్టేయొచ్చా?
– కర్నూలు నుంచి

జవాబు: గుహ మొత్తమా? వద్దు. 3,229 మీటర్ల పొడవు అది. ఐఫోన్ ప్రో మోడళ్లలోని లైడార్ (లేజర్ కాంతితో దూరం కొలిచే సెన్సర్) సుమారు 5 మీటర్ల దాకానే అందుతుంది. ఫొటోలతో 3డి మోడల్ చేయాలంటే వెలుగు అంతటా ఒకేలా పడాలి, ఫొటోకూ ఫొటోకూ సగానికి పైగా కలవాలి. గుహలో మీరు నడిచేకొద్దీ నీడలు మారిపోతాయి. పైగా ఫొటోల నుంచి 3డి మోడల్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ మెష్‌రూమ్‌తో పూర్తి స్థాయి మోడల్ చేయాలంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. గజం మేర గోడను మాత్రం శుభ్రంగా తీసి టెక్స్చర్‌గా వాడుకోండి, ముందు అక్కడి సిబ్బందిని అడిగి. ఇంకో మాట, బెలూంను నీళ్లు తొలిచాయి, డెరింకుయును మనుషులు తొలిచారు. రెండూ ఒకే లెవల్‌లో కలిపేస్తే మీకు తెలియకపోయినా ఆడేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది. కలపాలనుంటే, మనుషులు తవ్వుతూ తవ్వుతూ గుహలోకి పడ్డ చోటును చూపించండి.

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. గోడాట్ కంపాటిబిలిటీ మోడ్‌లో (పాత కంప్యూటర్లకూ సరిపడే తేలికపాటి మోడ్) సొరంగం నిండా దివ్వెలు పెట్టాను. కొన్ని వెలగడం లేదు, గేమ్ కూడా నత్తనడక.
– వరంగల్ నుంచి

జవాబు: బగ్ అని టెన్షన్ పడకండి. ఆ మోడ్‌లో ఒక్కో మెష్ (3డి ఆకారం) మీద డిఫాల్ట్‌గా 8 ఓమ్నీ లైట్లే (మీ దివ్వెల్లా అన్ని వైపులా వెలుగిచ్చే లైట్లు) పనిచేస్తాయి. మీ సొరంగం మొత్తం ఒకే మెష్ అయ్యుంటుంది, తొమ్మిదో దివ్వెకు చోటు లేదు. సొరంగాన్ని ముక్కలుగా కోయండి. స్లో తగ్గాలంటే హీరో చేతిలోని దివ్వెకు తప్ప మిగతావాటికి షాడో ఆపేయండి.