పిల్లవాడి బరువు, ఇంటిల్లిపాది భోజనం

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం బరువు గురించినవే. వాటిలో నాలుగింటిని ఈసారి ఎంచుకున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగిలిన ఉత్తరాల్లోని సందేహాలకు కూడా సగం సమాధానం అందులోనే ఉంది కనుక దాన్ని కుదించలేదు.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా అబ్బాయికి పదేళ్ళు. ఏడాదిన్నరగా బాగా బరువు పెరిగాడు. పోయిన నెల బడిలో ఆరోగ్య పరీక్ష చేసి, ఊబకాయం అని కాగితం మీద రాసి పంపారు. ఆ రోజు నుంచి వాడికి విడిగా వండుతున్నాను. నూనె లేని కూర, కొలిచి పెట్టిన అన్నం ఇస్తున్నాను, తీపి పూర్తిగా మాన్పించాను. వాడి అక్క సన్నగానే ఉంటుంది కనుక దానికి మామూలు భోజనమే. ఇప్పుడు వాడు దొంగచాటుగా తింటున్నాడు. మొన్న పక్క సర్దుతుంటే పరుపు కింద బిస్కట్ కాగితాలు దొరికాయి. కొట్టాలో బతిమాలాలో తెలియడం లేదు. – ఒక తల్లి

జవాబు: కొట్టడమూ వద్దు, బతిమాలడమూ వద్దు. ఆ పరుపు కింది కాగితాలు మీ అబ్బాయి తప్పును కాక, ఇంట్లో చేసిన ఏర్పాటులోని లోపాన్ని చూపిస్తున్నాయి. ఒకే పూట, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి వేయించిన కూర, మరొకరికి ఉడకబెట్టిన కూర వడ్డిస్తే, ఆ రెండో పిల్లవాడికి ఆరోగ్యం సంగతి బోధపడదు, తనకేదో శిక్ష పడిందన్న సంగతి మాత్రం బాగా బోధపడుతుంది. 1999లో అమెరికాలో జెన్నిఫర్ ఫిషర్, లియాన్ బర్చ్ అనే పరిశోధకులు చిన్నపిల్లలతో ఒక పరీక్ష చేశారు. పిల్లలు ఇష్టపడే చిరుతిండిని వాళ్ళకు కనబడేలా పెట్టి, తినడానికి మాత్రం కొద్దిసేపే అనుమతించినప్పుడు, వాళ్ళు దాని గురించే మాట్లాడడం, దాన్నే అడగడం, దాని కోసమే చేయి చాచడం ఎక్కువైంది. మీ ఇంట్లో జరుగుతున్నది కూడా అదే. అక్క కోసం తెచ్చిన డబ్బా అలమారలో ఉంది, తమ్ముడికి మాత్రం దాని మీద నిషేధం ఉంది.

కనుక మొట్టమొదట చేయవలసిన పని, విడి వంట ఆపేయడం. ఇంట్లో నలుగురికీ ఒకే కూర, ఒకే వడ్డన ఉండాలి. అమ్మాయి సన్నగా ఉంది కదా అని ఆమె భోజనం బాగున్నట్టు లెక్క వేయకండి. ఎక్కువ నూనె, చక్కెర, ఉప్పు చేసే చెరుపు ఒంటి మీద కనబడాలన్న నియమం ఏమీ లేదు. బిస్కట్ల డబ్బాను దాచడం, దానికి తాళం వేయడం కంటే అసలు ఇంటికి తేకపోవడం అందరికీ సుఖం. ఇంట్లో లేనిదానికి రోజుకు పదిసార్లు వద్దు అనే పని మీకు ఉండదు, దాచుకునే పని వాడికీ ఉండదు. తీపిని పూర్తిగా మాన్పించాలని కూడా నేను అనను. వారంలో ఒకటి రెండుసార్లు, అందరూ కలిసి కూర్చున్నప్పుడు, అందరికీ ఒకే కొలతలో పెట్టండి. అలా తిన్నది రహస్యం కాదు, బహుమానమూ కాదు. హోంవర్క్ చేస్తే చాక్లెట్ ఇస్తామని చెప్పే అలవాటు ఉంటే దాన్ని కూడా ఈ సందర్భంలోనే వదిలించుకోండి.

ఎల్లిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చెప్పిన ఒక పని విభజన నాకు చాలా కుటుంబాల్లో అక్కరకు వచ్చింది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దలు నిర్ణయించాలి. అందులో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లలకు వదలాలి. లావుగా ఉన్న పిల్లవాడికి ఎంత తినాలో వదిలేయడమేమిటని మీకు భయం కలగడం సహజం. ఆ భయానికి మందు వడ్డించే తీరులో ఉంది. గిన్నెలన్నీ బల్ల మీద పెట్టకుండా వంటగదిలోనే ఉంచి, పళ్ళెంలో సగం మేర కూరగాయలు ముందు వడ్డించి, మిగిలిన సగంలో అన్నమో రొట్టో ఒక పాలు, పప్పు, గుడ్డు, చేప వంటివి ఒక పాలు పెట్టండి. రెండోసారి అడిగితే కాదనకండి, కానీ మొదటి వడ్డన పూర్తయిన ఐదు పది నిమిషాల తరువాత పెట్టండి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది, టీవీ ముందు గబగబా తినేవారికి ఆ కబురు అందేసరికి పళ్ళెం ఖాళీ అయిపోయి ఉంటుంది. టీవీ, ఫోను భోజనం వేళ ఆపాలన్న నియమం మీ వారికీ మీకూ కూడా వర్తించాలి. నాన్న చేతిలో ఫోను ఉండగా కొడుకు చేతిలోది లాక్కుంటే మళ్ళీ పరుపు కింది కథే మొదలవుతుంది.

ఇక అంకెల సంగతి. బరువును కిలోల్లోనూ ఎత్తును మీటర్లలోనూ తీసుకుని, బరువును ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది బి.ఎం.ఐ. పెద్దలకు 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లలకు ఆ హద్దులు పనికిరావు, వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి వేరే పట్టికలు ఉంటాయి. మీకు ఊరట కలిగించే విషయం ఒకటి అందులోనే ఉంది. 140 సెంటీమీటర్ల ఎత్తు, 48 కిలోల బరువు ఉన్న పిల్లవాడి బి.ఎం.ఐ. సుమారు 24.5. వాడు ఒక్క కిలో కూడా తగ్గకుండా, పెరగకుండా, 146 సెంటీమీటర్లకు ఎదిగితే అదే 22.5 అవుతుంది. ఎదిగే వయసులో చాలామంది పిల్లలకు బరువు దించడం కాక, ఎత్తు పెరిగేదాకా బరువును నిలబెట్టడమే లక్ష్యంగా పెడతాం. అందుకు కడుపు మాడ్చనక్కరలేదు. రోజూ తూకం వేయకండి, రెండు మూడు నెలలకు ఒకసారి ఎత్తు, బరువు కలిపి చూస్తే చాలు.

పిల్లవాడు రాత్రిళ్ళు గట్టిగా గురక పెడుతున్నా, మెడ మీద చర్మం నల్లబడి మందంగా మారినా, అతిగా దాహం వేసి మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నా, మోకాలు లేదా తుంటి నొప్పితో కుంటుతున్నా, బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయినా పిల్లల వైద్యునికి చూపించడంలో ఆలస్యం చేయకండి.

మరొక మాట. 1990 నుంచి 2022 నాటికి ప్రపంచంలో పెద్దల్లో ఊబకాయం రెట్టింపుకు మించింది, కౌమారంలో ఉన్నవారిలో నాలుగింతలైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముప్పై ఏళ్ళలో పిల్లల మనోనిబ్బరం నాలుగో వంతుకు పడిపోయిందంటే నమ్మశక్యం కాదు. పడిపోయింది ఆటస్థలమూ నిద్రా, పెరిగింది ప్యాకెట్లూ తెరలూ. ఆ కాగితం మీద రాసిన మాటను బంధువుల ముందు చదవకండి, వాణ్ణి లావు అనే పేరుతో ముద్దుకైనా పిలవనీయకండి.

ప్రశ్న: మేము బయట తినడం చాలా అరుదు. మూడు పూటలా ఇంటి వంటే. అయినా మేమిద్దరం, పిల్లలిద్దరూ అందరం బరువు పెరిగాం. ఇంటి భోజనం మంచిదంటారు కదా, లోపం ఎక్కడుంది? – ఒక గృహిణి

జవాబు: ఇంటి భోజనం మంచిదే, కానీ ఇంట్లో వండినందువల్ల నూనెలోని కేలరీలు తగ్గవు. ఏ గింజ నుంచి తీసినా, ఎంత ఖరీదు పెట్టి కొన్నా, గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి. పిండిపదార్థాల్లోనూ మాంసకృత్తుల్లోనూ ఉండేవి గ్రాముకు నాలుగే. గుండెకు ఏ నూనె మేలన్నది వేరే చర్చ. నడుము చుట్టుకొలత విషయంలో మాత్రం నూనెలన్నీ అక్కచెల్లెళ్ళే.

ఒక చిన్న పని చేసి చూడండి. ఈసారి కొత్త నూనె సీసా మూత తీసిన రోజున, సీసా మీద పెన్నుతో తేదీ వేయండి. అది ఖాళీ అయిన రోజున మళ్ళీ తేదీ వేయండి. లీటరు నూనె తూకం సుమారు 915 గ్రాములు. నలుగురున్న ఇంట్లో అది 8 రోజుల్లో అయిపోతే, మనిషికి రోజుకు దాదాపు 29 గ్రాములు, అంటే 260 కేలరీల దరిదాపు. అదే సీసా 12 రోజులు వస్తే మనిషికి 19 గ్రాములే, 170 కేలరీల పైచిలుకు. తేడా రోజుకు 85 కేలరీలు. చూడడానికి చిన్న అంకే అయినా, ఎవరి కంచంలోనూ ఏ వంటకమూ మాయం కాకుండానే వచ్చిన తగ్గుదల ఇది. ఇందుకు పద్ధతి ఒకటే: సీసాను నేరుగా బాణలిలోకి వంచడం మానేసి, ఒక చెంచాను సీసా పక్కనే ఉంచుకుని దానితో కొలిచి పోయడం. నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది, చేతి అంచనాకూ చెంచా కొలతకూ మధ్య ఉన్న తేడా చూసి తామే ఆశ్చర్యపోయారు.

ఇంకొకటి అడుగుతాను, నొచ్చుకోకండి. పిల్లలు వదిలేసిన నాలుగు ముద్దలు పారేయడానికి మనసొప్పక ఎవరు తింటున్నారు? చాలా ఇళ్ళలో తల్లి బరువు పెరగడానికి ఆ ముద్దలదీ ఒక వాటా ఉంటుంది. మొదటే తక్కువ వడ్డించి, కావాలంటే మళ్ళీ పెడితే పళ్ళెంలో మిగలదు, మీ పొట్టలోకీ చేరదు. వీటితోపాటు కూరగాయలు, పళ్ళు కలిపి ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాములు అందుతున్నాయేమో చూసుకోండి. పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే కనీస మోతాదు అది, దుంపలు ఆ లెక్కలోకి రావు. కూరగాయల్లో నీరు, పీచు ఎక్కువ కనుక తక్కువ కేలరీలతోనే కడుపు నిండుతుంది.

ప్రశ్న: పిల్లల చేత కూల్‌డ్రింకులు మాన్పించాం. వాటికి బదులు ప్యాకెట్ పండ్లరసం ఇస్తున్నాం. పాలలో చక్కెరకు బదులు తేనె కలుపుతున్నాం. నేను డైట్ డ్రింకుకు మారాను. ఇది సరైన దారేనా? – ఒక తండ్రి

జవాబు: మొదటి అడుగు సరైనదే, తరువాతి మూడు అడుగులూ ఉన్నచోటే వేశారు. తయారీదారు కలిపిన చక్కెర, మనం కలుపుకునే చక్కెర మాత్రమే కాక, తేనెలోనూ పండ్లరసంలోనూ ఉండే చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే గాటన కడుతుంది. రోజు మొత్తం కేలరీల్లో ఇవన్నీ కలిసి పదో వంతుకు మించకూడదని, ఇరవయ్యో వంతుకు దిగితే ఇంకా మేలని 2015లో చెప్పింది. రోజుకు 2000 కేలరీలు తినే పెద్దమనిషికి పదో వంతు అంటే 50 గ్రాములు. పిల్లలకు ఇంకా తక్కువే. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బా ఒక్కదానిలోనే దాదాపు 35 గ్రాములు ఉంటుంది. వంటింటి త్రాసు ఉంటే అంత చక్కెరను ఒక గ్లాసులో తూచి పోసి, పిల్లలను చెంచాతో లెక్కపెట్టమనండి. ఎనిమిది తొమ్మిది చెంచాలు వస్తాయి. ఆ గ్లాసు ముందు మీ ఉపన్యాసం అవసరం లేదు. చాలా పండ్లరసాల్లోనూ చక్కెర పాళ్ళు దీనికి దగ్గరగానే ఉంటాయి. మూడు నాలుగు పళ్ళను పిండితే వచ్చే గ్లాసు రసాన్ని నిమిషంలో తాగేస్తాం, అవే పళ్ళను ఒలుచుకుని తింటే రెండోదానికే చాలనిపిస్తుంది. పండును పండుగానే ఇవ్వండి.

డైట్ డ్రింకుల్లో చక్కెర ఉండదు, నిజమే. కానీ చక్కెర కాని తీపి పదార్థాలను బరువు నియంత్రణ కోసం వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. దీర్ఘకాలంలో వాటివల్ల కొవ్వు తగ్గుతున్న దాఖలా కనబడకపోవడం అందుకు కారణం. పైగా నాలుకకు అలవాటైన తీపి స్థాయి అలాగే ఉండిపోతుంది. దాన్నే దించాలి. పాలలో చెంచా చక్కెర వేస్తుంటే రెండు వారాలు ముప్పావు చెంచా, మరో రెండు వారాలు అర చెంచా చొప్పున తగ్గిస్తూ రండి. నాలుక సర్దుకుంటుంది, ఇంట్లో గొడవ జరగదు. దాహానికి మంచినీళ్ళు చాలు.

ప్యాకెట్ల గురించి కూడా ఒక మాట. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందికి రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు సాదా ఆహారం పెట్టింది. రెండింటిలోనూ అందుబాటులో ఉంచిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే, ఎవరికి కావలసినంత వారు తినవచ్చు. శుద్ధిచేసిన ఆహారం తిన్న రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తక్కువ సమయంలో తిన్నారు, రెండు వారాల్లో కిలోకు కాస్త తక్కువగా బరువు పెరిగారు. అంగడిలో ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు వైపున్న బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. అందులో కలిపిన పదార్థాలను ఎక్కువ పాళ్ళున్నదాని నుంచి తక్కువ పాళ్ళున్నదానికి వరుసగా రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర గానీ, గ్లూకోజ్ సిరప్, డెక్స్ట్రోజ్, ఫ్రక్టోజ్ అనే దాని మారుపేర్లు గానీ ఉంటే దాన్ని తిరిగి అరలోనే పెట్టేయండి. "ఒక వడ్డనకు" అని రాసిన అంకెను కాక, 100 గ్రాములకు రాసిన అంకెను చూడండి. వడ్డన ఎంతన్నది చాలాసార్లు పిల్లవాడి ఆకలిని చూసి నిర్ణయించినది కాదు.

ప్రశ్న: ఉద్యోగం నుంచి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేశాను. మొదటి నెల రెండు కిలోలు తగ్గాను, తరువాత మళ్ళీ పెరిగాను. పిల్లలు కూడా "అమ్మ తినదు, మేమూ తినం" అంటున్నారు. – ఒక ఉద్యోగిని

జవాబు: మీ పిల్లలు మీ మాట వినకపోయినా మీ పళ్ళెం చూస్తున్నారన్నమాట. మీ బరువు తిరిగి రావడంలో వింత లేదు. తిండి తగ్గినప్పుడు శరీరం ఖర్చును తగ్గించుకుని ఆకలిని పెంచుతుంది. పైగా రాత్రి భోజనం మానేసినవారిలో ఎక్కువమంది పదకొండు గంటలకు వంటగదిలో దీపం వేసి, చేతికి దొరికింది నిలబడి తింటారు. దాన్ని భోజనంగా లెక్కలో వేసుకోరు. ఎనిమిదింటికే పిల్లలతో కలిసి కూర్చోండి. పళ్ళెంలో సగం కూరగాయలు ఉండేలా చూసుకుని, అన్నం లేదా రొట్టె పాలు తగ్గించుకోండి. వారంలో ఒక సెలవు రోజున కూరగాయలు తరిగి, పప్పు ఉడికించి దాచుకుంటే ఆ వేళకు వంట అరగంటలో ముగుస్తుంది, ఆ తరిగే పనిలో పిల్లలను కూర్చోబెడితే తాము తరిగిన కూరను తినడానికి వాళ్ళు అంతగా మొరాయించరు. తొందరగా తగ్గాలన్న ఆశ వదులుకోండి, ఉన్న బరువులో 5 శాతం తగ్గి అక్కడ నిలిచినా రక్తపోటులోనూ రక్తంలోని చక్కెరలోనూ మేలు కనబడుతుంది. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో మీ ఉత్తరంలో రాయలేదు. ఏడు గంటలకు తక్కువైతే మరుసటి రోజు ఆకలి పెరుగుతుంది కనుక, ఈ వారం తిండి కంటే ముందు పడుకునే వేళను సరిచూసుకుని నెల తరువాత మళ్ళీ రాయండి.